ఇరవై ఏళ్ల సర్వీసు దాటిన టీచరు ఇంకా ఏం నేర్చుకోవాలి?

కావలి ఎస్జీటీ:

నమస్కారం అండీ. టీచర్లు సర్వీసు పొడవునా నేర్చుకుంటూ ఎందుకు ఉండాలనే దానిమీద వచ్చే స్కూల్ కాంప్లెక్స్ మీటింగులో (చుట్టుపక్కల బళ్ల టీచర్లు కలిసేది) గంటసేపు మాట్లాడే పని నాకు పడింది. వినేవాళ్లలో ఎక్కువమంది ఇరవై ఏళ్ల సర్వీసు పైబడ్డవాళ్లే. "నిత్య విద్యార్థిగా ఉండాలి" అంటే కాదనేవాళ్లు ఉండరు, మర్నాడు బడిలో ఏదీ మారదు కూడా. కొఠారీ కమిషన్ (1964-66) అప్పుడే ప్రతి ఐదేళ్లలో రెండు మూడు నెలల శిక్షణ ఉండాలంది. 2020 జాతీయ విద్యా విధానం ఏడాదికి 50 గంటలంది. ఆ గంటలు దేనిమీద పెడితే పిల్లల నోట్‌బుక్కుల్లో తేడా కనిపిస్తుంది? సబ్జెక్టు తెలిసినవాళ్లు ఉదాహరణలతో చెప్పండి, అవే తీసుకెళ్లి బోర్డు మీద పెడతాను.

ఒంగోలు గణితం:

తీసివేతతో మొదలుపెట్టండి. ఏళ్ల తరబడి చెబుతున్న లెక్క కాబట్టి ఇందులో కొత్తగా తెలుసుకునేది ఏముందని అందరూ అనుకుంటారు. అందుకే ఇది మంచి ఉదాహరణ.

52 - 27 ఇవ్వండి. జవాబు 25. తప్పు చేసే పిల్లలు ఎక్కువగా 35 వేస్తారు. ఆ 35 ఎలా వచ్చింది? ఒక పిల్లవాడు పైనా కిందా చూడకుండా పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీసేశాడు. 7లోంచి 2 పోతే 5, 5లోంచి 2 పోతే 3. ఇంకో పిల్ల పదుల్లోంచి అప్పు తెచ్చుకుని 12లోంచి 7 తీసి 5 వేసింది, కానీ పదుల దగ్గర 5ను 4 చేయలేదు. ఆమెకూ 35 వచ్చింది. మొదటివాడికి అప్పు తేవడమనే ఆలోచనే లేదు. రెండో పిల్లకు సగం తెలుసు. ఇద్దరికీ ఒకే ఇంటూ కొట్టి "మళ్లీ చెయ్" అంటే ఇద్దరిలో ఎవరికీ కావలసింది అందదు.

ఇప్పుడు 53 - 27 ఇవ్వండి. సరైన జవాబు 26. మొదటి రకం తప్పుకు 34 వస్తుంది, రెండో రకానికి 36. నోట్‌బుక్ చూడగానే ఎవరికి ఏం చెప్పాలో తెలిసిపోతుంది. కింది ఒకట్ల అంకె పై అంకెకంటే సరిగ్గా 5 ఎక్కువగా ఉన్న ప్రతి లెక్కలోనూ (52-27, 61-36, 84-49) ఈ రెండు తప్పులూ ఒకే జవాబులో కలిసిపోతాయి. స్లిప్ టెస్టుకు లెక్కలు ఎంచేటప్పుడు అలాంటివి పక్కన పెట్టాలి. సున్నా మీదుగా అప్పు తేవడానికి 304 - 147 వాడండి. సరైనది 157. 243 వస్తే మళ్లీ పెద్దలోంచి చిన్న తీయడమే. 167 వస్తే వందల్లోంచి తెచ్చి సున్నాను 10 చేశాడు, అందులోంచి ఒకటి ఒకట్లకు ఇచ్చాక 9 మిగలాలన్నది వదిలేశాడు.

లెక్క తెలియడం వేరు, ఆ లెక్క పిల్లల బుర్రలో ఎక్కడ మెలిక పడుతుందో తెలియడం వేరు. అమెరికా విద్యా పరిశోధకుడు లీ షుల్మన్ 1986లో ఈ రెండోదాన్ని టీచరుకే ప్రత్యేకమైన జ్ఞానంగా విడదీసి చూపించాడు. సర్వీసు పెరిగినంత మాత్రాన ఇది రాదు. తప్పుల్ని రకాలుగా విడదీసి చూసేవాళ్లకే వస్తుంది.

ఇక సరిదిద్దడం. చీపురు పుల్లలు పదేసి కట్టలు కట్టించండి. 53 అంటే 5 కట్టలు, 3 విడి పుల్లలు. ఒక కట్ట విప్పితే 4 కట్టలు, 13 పుల్లలు. కట్ట విప్పిన క్షణంలోనే పలక మీద 5 కొట్టేసి 4 రాయించాలి. పుల్లల పని అంతా ముగిశాక రాయిస్తే పుల్లలు ఒక ఆట, పలక మీద లెక్క ఇంకో పని అనుకుంటారు. పుల్లలు వాడినా ఫలితం లేదన్న చోట ముందు ఇది చూడండి. మన వైపు మార్కాపురం పలకలకు కొదవ లేదు కదా, వాటినే వాడండి. 5ను చెరపనివ్వకండి, కొట్టివేత కనబడాలి.

ఇందుకూరుపేట తెలుగు మేడం:

సార్ చెప్పింది చదవడానికీ వర్తిస్తుంది. 2021 జూలై 5న మొదలైన నిపుణ్ భారత్ (చిన్న తరగతుల్లో చదవడం, లెక్కలు గట్టిపరిచే కేంద్ర కార్యక్రమం) లక్ష్యాల్లో, మూడో తరగతి ముగిసేసరికి నిమిషానికి కనీసం 60 పదాలు అర్థమయ్యేలా చదవాలని ఉంది. దాంతో చాలా చోట్ల స్టాప్‌వాచ్ పెట్టి పదాలు లెక్కపెడుతున్నారు. తెలుగుకు ఆ లెక్క ఒక్కటే సరిపోదు. "రాలేకపోయాడని" అన్నది మనకు ఒకే పదం. అలాంటి పదాలున్న పేరాకూ "ఆవు, మేక, పాలు" లాంటి పేరాకూ ఒకే కొలత పెడితే పిల్లలకు అన్యాయం.

వేగం చూడండి, కానీ తప్పు రకం రాసుకోండి. టీచరు దగ్గర అదే పేరా ఇంకో కాపీ ఉండాలి. పిల్ల చదువుతుంటే తప్పిన చోట చిన్న గుర్తు పెట్టాలి. గుణింతం తప్పితే గు, ఒత్తు వదిలేస్తే ఒ, ఊహించి చదివితే ఊ. ఒక నిమిషం చాలు. మధ్యలో ఆపి దిద్దకండి, దిద్దితే ఆ పిల్ల అక్కడినుంచి మన మొహం చూసి చదువుతుంది.

ఒత్తులు వదిలేసేవాళ్లకు అక్షరమాల మొత్తం మళ్లీ దిద్దించడం దండగ. త, న, మ, య, ర, ల ఒత్తులు అసలు అక్షరాన్ని పోలి ఉండవు, పైగా మాటల్లో తెగ వస్తాయి. ఆ ఆరింటితో మొదలుపెట్టండి. కల-కల్ల, పలు-పల్లు లాంటి జంటలు బోర్డు మీద పక్కపక్కన రాసి, మనం ఒకటి పలికితే ఏదో చూపించమనాలి. రోజుకు పది నిమిషాలు దాటనక్కర్లేదు.

అందరి కళ్లూ కప్పేది ఊహించి చదివేవాళ్లు. వేగంగా, రాగయుక్తంగా చదువుతారు కాబట్టి బాగా వచ్చినట్లే ఉంటుంది. అదే వాక్యాన్ని చివరి పదంనుంచి వెనక్కి చదవమనండి. వచ్చిందో లేదో అప్పుడు తెలుస్తుంది.

దర్శి కొత్త టీచర్:

మేడం, ఇంగ్లీషు మీడియం తరగతుల్లో అంకెల దగ్గర ఇంకో చిక్కు ఉంది. థర్టీన్ అంటే 30, ఫోర్టీన్ అంటే 40 రాస్తున్నారు. ఇది గణితం తప్పా, వినడంలో తప్పా?

ఒంగోలు గణితం:

రెండూ కావచ్చు, విడదీసి చూడండి. ముందు "పదమూడు" అని తెలుగులో చెప్పి రాయించండి. 13 రాస్తే స్థానవిలువ వచ్చినట్లే, తేడా వినడంలోనే ఉంది. మన మాటలో పది ముందు, మూడు తరవాత వినిపిస్తాయి. ఇంగ్లీషులో మూడు ముందొస్తుంది, చివరి టీన్, టీ దగ్గరదగ్గరగా వినిపిస్తాయి. కాబట్టి థర్టీన్-థర్టీ, ఫోర్టీన్-ఫోర్టీ జంటలుగా పలికించి కార్డు ఎత్తించండి. తెలుగులో చెప్పినా 30 రాస్తే అప్పుడు పుల్లల కట్టల దగ్గరికి వెళ్లండి.

ఉదయగిరి ఏకోపాధ్యాయ:

చెప్పినవన్నీ మంచివే. మరి ఒకే టీచరున్న బడి మాట? ఒకటి నుంచి ఐదు దాకా అందరూ ఒకే గదిలో. టీచరు శిక్షణకు వెళ్లాడంటే బడికి తాళమో, పక్క ఊరినుంచి డిప్యుటేషనో. దీక్ష పోర్టల్‌లో టీచర్ల ఆన్‌లైన్ కోర్సులు రాత్రిపూట ఫోన్‌లో చూడాలి, సిగ్నల్ ఉన్నచోట. అక్కడ కావలసింది సర్టిఫికెట్టా, పిల్లల చదువా? 50 గంటలు అనే మాట పట్నం బళ్లను చూసి రాసినట్లుంది.

ఆత్మకూరు హెచ్చెం:

మీ బాధలో న్యాయం ఉంది సార్. ఏకోపాధ్యాయ బళ్ల టీచర్లకు శిక్షణ పెట్టేవాళ్లు బదులు మనిషిని చూపించాకే పిలవాలి. ఆ మాట కాంప్లెక్స్ మినిట్స్‌లో రాయించండి. రాతలో లేకపోతే ఎవరూ పట్టించుకోరు.

అలాంటి గదిలో నేర్చుకోవలసింది ఒకటుంది, దానికి బడి మూయనక్కర్లేదు. తరగతి ప్రకారం కాకుండా స్థాయి ప్రకారం పిల్లల్ని కూర్చోబెట్టడం. ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ వాళ్ల పద్ధతిలో చదవడానికి ఐదు మెట్లు: ఏమీ రానివాళ్లు, అక్షరాలు, పదాలు, చిన్న పేరా, కథ. ఒక్కొక్కరినీ విడిగా పిలిచి పేరాతో మొదలుపెట్టాలి. వస్తే కథ, రాకపోతే పదాలు, అవీ రాకపోతే అక్షరాలు. మనిషికి మూడు నుంచి ఐదు నిమిషాలు. చిన్న బడి అయితే రెండు మూడు పూటల్లో అయిపోతుంది. రోజుకు గంటసేపు మాత్రం ఈ గుంపులు, మిగతా సమయం మామూలు తరగతులే.

ఇది చెడిపోయే దారులు కూడా చెబుతాను. మొదటిది, గుంపును ఏడాదంతా కదపకపోవడం. నెల, నెలన్నరకోసారి మళ్లీ చూసి మార్చాలి, లేకపోతే అది మొద్దుల బెంచీ అయిపోతుంది. రెండోది, అందరి ముందూ పరీక్షించడం. ముందు చదివిన పిల్ల మాటలు విని వెనకవాడు అప్పజెప్పేస్తాడు. మూడోది మన పడమటి మండలాలకు మరీ ముఖ్యం. కనిగిరి, పామూరు వైపు పనులకోసం వలసపోయిన కుటుంబాల పిల్లలు నెలల తరవాత తిరిగొస్తారు. వాళ్లను పాత గుంపులోనే కూర్చోబెట్టకుండా వచ్చిన రోజే మళ్లీ చూడాలి.

దీక్ష సంగతి. అందులో ఉండే నిష్ఠా (కేంద్రం టీచర్లకిచ్చే శిక్షణ) కోర్సుల్లో చివరి పరీక్షలో 70 శాతం వస్తే సర్టిఫికెట్. వీడియో నడుస్తుంటే వేరే పని చేసుకుని సర్టిఫికెట్ తెచ్చుకోవచ్చు, అందులో ఎవరికీ లాభం లేదు. ఒక మాడ్యూలు చూస్తే అందులోంచి ఒక్క పని ఎంచండి. వారంపాటు ఆ ఒక్కటే చేయండి. ముందు ఐదుగురి నోట్‌బుక్కులు, తరవాత అదే ఐదుగురివి పక్కపక్కన పెట్టి చూడండి. తేడా లేకపోతే పద్ధతి మార్చాలి. ఏడాదికి అలాంటివి నాలుగైతే అదే అసలు శిక్షణ.

కనిగిరి ఫిజిక్స్:

హైస్కూలు మాట కూడా చెప్పుకుందాం. ఎన్సీఈఆర్టీ పుస్తకాలు పదో తరగతికి వచ్చాక ప్రయోగాల దగ్గర పాత అలవాటు సరిపోవడం లేదు. ఓమ్ నియమం తీసుకోండి. 0.5 మీటర్ల నిక్రోమ్ తీగ, అమ్మీటరు, ఓల్టుమీటరు, 1.5 వోల్టుల ఘటాలు నాలుగు, ఒక కీ (స్విచ్). ముందు ఒక ఘటంతో, తరవాత రెండు, మూడు, నాలుగుతో V (వోల్టేజీ), I (కరెంటు) రాసుకుని V/I చూడాలి.

చెడిపోయేది ఎక్కడంటే, రీడింగు రాసుకునేదాకా కీ మూసి ఉంచుతారు. తీగ వేడెక్కుతుంది, ఘటాలు నీరసిస్తాయి, ముల్లు నిలవదు. కీ వేసి, చూసి, తీసేయాలి. తీగ చివర్లు గరుకు కాగితంతో రుద్దకపోతే రీడింగు గెంతుతుంది. అమ్మీటరును తీగకు సమాంతరంగా కలిపితే ముల్లు ఒక్కసారిగా చివరికి కొట్టుకుంటుంది, మీటరు పోతుంది. పాతవీ కొత్తవీ ఘటాలు కలపకండి.

ఇంత జాగ్రత్తగా చేసినా ఒక ప్రశ్న వస్తుంది, అది రావాలి కూడా. "సార్, నాలుగు ఘటాలంటే 6 వోల్టులు కదా, ఓల్టుమీటరు తక్కువ చూపిస్తోందేం?" జవాబు ఘటాల అంతర్నిరోధం, అంటే కరెంటుకు ఘటం లోపలే ఎదురయ్యే అడ్డు. అది పదో తరగతి పుస్తకంలో ఉండదు, ఇంటర్‌లో వస్తుంది. తెలియని టీచరు "మీటరు తప్పు" అనేస్తాడు. తెలిసినవాళ్లు కీ తీసి ఘటాల మీద ఒకసారి, కీ వేసి ఒకసారి కొలిపిస్తారు. కీ వేయగానే తగ్గడం పిల్లలే చూస్తారు. అయినా V/I ఎందుకు మారలేదంటే ఓల్టుమీటరు కొలిచేది తీగ చివరల మధ్య ఉన్నదాన్నే కాబట్టి. పుస్తకానికి రెండు మెట్లు పైన టీచరుకు తెలిసి ఉండాలనేది ఇందుకే. పాఠానికి ముందురోజు ప్రయోగం సొంతంగా చేసి చూడనివాళ్లు దాన్ని తరగతిలో చేయకూడదని నా గట్టి అభిప్రాయం.

రసాయనం విషయంలో మన ప్రాంతానికి ఫ్లోరైడ్ ఉంది. తాగునీటికి భారతీయ ప్రమాణాల సంస్థ (బీఐఎస్) ప్రమాణం లీటరుకు 1 మిల్లీగ్రాము, వేరే నీరు దొరకని చోట 1.5 దాకా. నీళ్లు కాచితే ఫ్లోరైడ్ పోతుందని ఊళ్లలో నమ్ముతారు. పోదు, నీరు ఆవిరై తగ్గినకొద్దీ అదే ఫ్లోరైడ్ మరింత చిక్కబడుతుంది. జల్ జీవన్ మిషన్ కింద ఊళ్లకిచ్చిన పరీక్ష కిట్టు వాడటం సైన్సు టీచరు నేర్చుకుంటే పాఠం ఊరికి పనికొస్తుంది.

కందుకూరు సోషల్:

సోషల్‌లో మారేవి పటాలే. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు 13 నుంచి 26 అయ్యాయి. 13 జిల్లాల పటం ఇప్పటికీ గోడ మీద ఉన్న గదులు కనిపిస్తాయి. దాన్ని తీసేయకండి, పక్కన కొత్తది పెట్టండి. 1970 ఫిబ్రవరి 2న ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు నెల్లూరునుంచి కందుకూరు, కనిగిరి వైపు, గుంటూరునుంచి ఒంగోలు వైపు, కర్నూలునుంచి మార్కాపురం వైపు కలిపారు. 1972లో ప్రకాశం పేరు పెట్టారు. 2022లో కందుకూరు మళ్లీ నెల్లూరు వైపు వెళ్లింది, ఆ తరవాత కూడా జిల్లాలు మారాయి. పిల్లలకు తమ ఊరి చరిత్ర అది. తరగతికి వెళ్లేముందు తాజా నోటిఫికేషన్ తప్పకుండా చూసుకోండి, సరిహద్దులు నిలిచిపోయే వస్తువు కాదు.

కావలి ఎస్జీటీ:

ఇన్ని వివరాలు వస్తాయనుకోలేదు, అందరికీ ధన్యవాదాలు. ఇంకో రెండు అడగాలి. ఒకటి, సీనియర్లందరి మనసులో ఉన్నది టెట్ (ఉపాధ్యాయ అర్హత పరీక్ష). రెండు, ఐఎఫ్‌పీ ప్యానెళ్లు, అంటే తరగతి గదుల్లోని పెద్ద టచ్ తెరలు. చాలామంది వాటిని ముట్టుకోవడానికే జంకుతున్నారు.

ఆత్మకూరు హెచ్చెం:

టెట్ మీద భయంకంటే సమాచారం ముఖ్యం. 2025 సెప్టెంబర్ 1 సుప్రీంకోర్టు తీర్పు ప్రకారం రిటైర్మెంటుకు ఐదేళ్లకు మించి ఉన్నవాళ్లు రెండేళ్లలో టెట్ పాసవ్వాలి. ఐదేళ్ల లోపు ఉన్నవాళ్లు ఉద్యోగంలో కొనసాగవచ్చు, ప్రమోషన్ కావాలంటే మాత్రం టెట్ ఉండాలి. దీనిమీద తరవాత వచ్చే ఉత్తర్వులు కూడా చూస్తూ ఉండండి. మన దగ్గర పేపరు 150 ప్రశ్నలు, 150 మార్కులు, రెండున్నర గంటలు. తప్పుకు మార్కు కోత లేదు. ఓసీలకు 60 శాతం, బీసీలకు 50, ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకు 40. ఎస్జీటీ (ప్రాథమిక తరగతుల టీచరు) పేపర్లో శిశు వికాసం, తెలుగు, ఇంగ్లీషు, గణితం, పరిసరాల విజ్ఞానం తలా 30.

సీనియర్లకు చిక్కు వచ్చేది కంప్యూటర్ మీద రాయడంలోనూ, శిశు వికాసంలోనూ. మొదటిదానికి మాక్ టెస్టులు మౌసుతోనే చేయాలి, ఫోన్‌లో కాదు. రెండోదానికి పేర్లు బట్టీ కొట్టకుండా తరగతి గదికి కలుపుకోండి. రష్యన్ మనస్తత్వవేత్త వైగోట్‌స్కీ చెప్పిన సామీప్య వికాస మండలం అంటే, పిల్ల ఒంటరిగా చేయలేక చిన్న ఆసరాతో చేయగలిగే పని. పైన గణితం సార్ చెప్పిన 36 రాసిన పిల్ల సరిగ్గా అక్కడే ఉంది. 34 రాసినవాడు ఇంకా అక్కడికి రాలేదు. ఇలా చదివితే మార్కులూ వస్తాయి, పాఠమూ బాగుపడుతుంది.

దర్శి కొత్త టీచర్:

ప్యానెల్ గురించి నేను చెబుతాను. టచ్ పనిచేయకపోతే ముందు ఫ్రేము అంచుల్లో దుమ్ము చూడండి. చాలా ప్యానెళ్లలో ఇన్‌ఫ్రారెడ్ సెన్సార్లు అక్కడే ఉంటాయి. కరెంటు ఆపి మెత్తని పొడి గుడ్డతో తుడవాలి, తడి గుడ్డ వద్దు. కిటికీలోంచి ఎండ నేరుగా పడినా టచ్ తికమక పడుతుంది, తెర కట్టండి. ప్యానెల్‌ను బటన్‌తో ఆఫ్ చేశాకే గోడ స్విచ్ తీయాలి. నెట్‌ను నమ్ముకోకుండా వీడియోను ముందురోజే పెన్‌డ్రైవ్‌లో వేసుకోండి.

ఇవి గంటలో వచ్చేస్తాయి. కష్టమైనది వాడకం. పీరియడంతా వీడియో నడిస్తే పిల్లలు సినిమా చూసినట్లు చూసి వెళ్లిపోతారు. మూడు నిమిషాల ముక్క చాలు. కీలకమైన చోటికి ముందే ఆపి "ఇప్పుడేమవుతుంది?" అని అందరిచేతా రాయించి, అప్పుడు నడపాలి. ఎక్కడ ఆపాలో తెలియడం సీనియర్ల చేతిలోని విద్య. 2025లో 16,347 పోస్టుల డీఎస్సీతో వచ్చిన మావాళ్లకు మీట నొక్కడం వచ్చు, అది రాదు. ఒక సీనియరూ ఒక జూనియరూ జతగా ఉంటే ఇద్దరికీ లాభం.

ఏఐతో ప్రశ్నలు తయారు చేసేవాళ్లకు ఒక మాట. తీసివేత లెక్కలు ఇరవై అడిగితే క్షణంలో ఇస్తుంది, అందులో 52-27 లాంటివీ ఉంటాయి. వడపోత మనదే. తెలుగులో ఇచ్చిన వాక్యాల్లో ఒత్తులు, విభక్తులు తప్పులుంటాయి, చదవకుండా ప్రింటు తీయకండి. పిల్లల పేర్లు, ఫొటోలు అందులో పెట్టవద్దు.

కావలి ఎస్జీటీ:

జతల మాట బాగుంది. మీటింగులో ఉపన్యాసం మానేసి ఏదైనా కలిసి చేసే పని పెడితే?

ఒంగోలు గణితం:

జపాన్ టీచర్లు చాలా కాలంగా చేస్తున్న పాఠ పరిశీలన పెట్టండి. ఒకే సబ్జెక్టు వాళ్లు నలుగురైదుగురు ఒక పాఠం ఎంచుకుని కలిసి పథకం రాస్తారు. పిల్లలు ఎక్కడ ఏ తప్పు చేయవచ్చో ముందే ఊహించి రాయడం అందులో సగం పని. ఒకరు పాఠం చెబుతారు, మిగతావాళ్లు చూస్తారు. తరవాత అరగంట చర్చ. ముందు పాఠం చెప్పినవాళ్లే మాట్లాడాలి. మార్చిన పథకంతో ఇంకొకరు వేరే బడిలో చెబుతారు.

చెడిపోయేది రెండు చోట్ల. ఇరవై మంది గదిలో నిలబడితే పిల్లలు బిగుసుకుపోతారు, కాబట్టి నలుగురికి మించొద్దు. పాఠాన్ని ముందే పిల్లలతో ఒకసారి నడిపి చూపిస్తే చూడటానికి ఏమీ మిగలదు.

ఉదయగిరి ఏకోపాధ్యాయ:

చూసేవాళ్లు ఏం రాసుకోవాలి సార్? మామూలుగా అయితే "బోధన బాగుంది, బోర్డు వర్క్ బాగుంది" అని రాసి సంతకం పెడతారు.

ఒంగోలు గణితం:

అందుకే చూసేవాళ్లు టీచరు వైపు చూడకూడదు. ఒక్కొక్కరికీ నలుగురు పిల్లల్ని అప్పగించండి, వాళ్ల పక్కనే కూర్చోవాలి. కాగితం మీద మూడు నిలువు వరసలు చాలు: ఎన్నో నిమిషం, పిల్ల ఏం రాసింది లేదా ఏమంది, ఆ క్షణంలో బోర్డు మీద ఏముంది. "అర్థం కాలేదు" అని రాయవద్దు, పిల్ల రాసిన అంకెనే రాయాలి. కొట్టివేతలు కూడా అలాగే దించుకోవాలి. సాయం చేయకూడదు, పిల్ల అడిగినా నవ్వి ఊరుకోవాలి. చర్చలో "మీరు ఇలా చెప్పాల్సింది" అన్న మాట రాకూడదు, "పద్నాలుగో నిమిషంలో ఈ పిల్ల 36 రాసింది" అని మొదలుపెట్టాలి. కాగితం మీద పాఠం చెప్పినవాళ్ల పేరు వేయకండి, హెచ్చెం ఫైల్లో పెట్టకండి. ఆ రెండింట్లో ఏది జరిగినా రెండోసారి పాఠం చెప్పడానికి ఎవరూ ముందుకు రారు.